కంప పీకే పనిముట్టుకు ఏ ఇనుము? నా అనుభవం

సంక్రాంతి అయినాక మొదలుపెట్టిన పని దసరా దాటితే గానీ ఒక కొలిక్కి రాలేదు. ఈ మధ్యలో డబ్బు పోయింది, ఇంట్లో మాటలు పడ్డాను, ఒకసారి ఇనుప ముక్క విరిగి ఎగిరితే భయపడి కొన్నాళ్ళు వెల్డింగు షెడ్డు వైపే పోలేదు. సర్కారు కంప (సర్కారు తుమ్మ) మొక్కల్ని వేరుతో సహా పీకే చేతి పనిముట్టు చేయించుకుందామని మన వైపు ఇంకెవరైనా అనుకుంటుంటే, ఏ భాగానికి ఏ ఇనుము వాడాలి, ఎంతవుతుంది, ఎక్కడ పని ఆగిపోతుంది అన్నది ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

మాది కడప జిల్లా కమలాపురం దగ్గర పల్లె. నాలుగెకరాల్లో సగం నల్లరేగడి, సగం ఎర్రనేల. నాయనకు ఆరోగ్యం బాగాలేక కొన్నేళ్ళు బీడు పెట్టాం. ఆ కొన్నేళ్ళు చాలు కంపకు. మేకలు కాయలు తిని పేడలో గింజలు వదులుతాయి, వాన పడితే చాలు మొలుస్తాయి. జనవరిలో జేసీబీ పెట్టి పెద్ద చెట్లు తీయించాం. గంటకు 1,200 రూపాయలు. పెద్దవి పోయాయి గానీ బొటనవేలు లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న పిల్ల కంప చేనంతా అట్లనే నిలబడింది. వాటి కోసం జేసీబీని గంటల కొద్దీ తిప్పే స్తోమత మాకు లేదు.

మచ్చుకొడవలితో నరికితే ఏమవుతుందో మన వైపు అందరికీ తెలుసు. కాండం, వేరు కలిసే చోట నేల లోపల ఒక ముడి ఉంటుంది. మొగ్గలన్నీ అక్కడే. పైన నరికితే ఒకటి పోయి నాలుగు లేస్తాయి. ఆ ముడి బయటికి రావాలి. గడ్డపారతో తవ్వితే వస్తుంది, కానీ ఒక్కో మొక్క దగ్గర పావుగంట, చేతులనిండా ముళ్ళు.

మన దేశంలో ఈ చెట్టును 1877 ప్రాంతంలో తెచ్చి మొదట నాటిన చోటు మా కమలాపురమే. వంటచెరకు కోసమని తెల్లదొరల కాలంలో అటవీ శాఖ తెప్పించింది. అది చదివినప్పటి నుంచి నాకు ఒక పట్టుదల. నాటడం మా దగ్గర మొదలైంది, పీకడానికి ఒక దారి కూడా మా దగ్గరే దొరికితే బాగుంటుందని.

అమెరికాలో వీడ్ రెంచ్ అనే పనిముట్టు వాడిన వీడియో చూశాను. పొడుగు పిడి, కింద దవడ, దవడ కింద పాదం. పిడిని వెనక్కి లాగితే దవడ ముందు కాండాన్ని పట్టుకుంటుంది. ఇంకా లాగితే పాదం మీద ఆనుకుని మొక్కను నేలలోంచి లేపుతుంది. బయటి దేశం నుంచి తెప్పించుకునే మాట మాలాంటి వాళ్ళకు కుదరదు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. పెళ్ళయ్యాక ఆ చదువుతో పని పడలేదు. ఒక పైపు, నాలుగు ప్లేట్లు, పిడి తిరిగే ఇరుసుగా ఒక పిన్ను, ఇంతే కదా, చేయించుకోలేమా అనిపించింది. ఆకారం గీయడానికి నిజంగానే ఎక్కువ రోజులు పట్టలేదు. ఏ భాగం దేనితో చెయ్యాలన్నదే నెలలు తినేసింది.

ఫిబ్రవరిలో ఇనుము కొనే ముందు మనుషుల బలం తూచాను. చెనిక్కాయ మూటలు తూచే వేలాడే కాటా ఒకటి 450 రూపాయలు పెట్టి కొని, ఒక కొక్కెం వేపచెట్టుకు కట్టి, రెండో కొక్కేనికి తాడు కట్టి ఇంట్లో వాళ్ళందరినీ లాగమన్నాను. నాకు 28 కిలోలు చూపించింది. మా చిన్నమ్మకు 31. తమ్ముడు ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగితే 46. పొద్దంతా ఈ పని చేసేది ఆడవాళ్ళే. మామూలుగా పాతిక ముప్పై కిలోలు, మొండి మొక్క దొరికి ఊపు మీద లాగితే నలభై అని లెక్క వేసుకున్నాను. పిడి 1.4 మీటర్లు, దవడకూ పిన్నుకూ మధ్య పదకొండున్నర సెంటీమీటర్లు. అంటే పన్నెండు రెట్లు. నలభై కిలోలు లాగితే మొక్క మీద 480 కిలోల బలం పడుతుంది. దాదాపు అయిదు క్వింటాళ్ళు. అది కాగితం మీద చూసినప్పుడు సంతోషమేసింది. అదే బలం పిన్ను మీద, దవడ మీద, పాదం మీద కూడా పడుతుందని గుర్తొచ్చి టెన్షన్ కూడా పట్టుకుంది.

ముందు పైపు. ఇంట్లో పాత జీఐ పైపు ఉంటే దాన్నే తీసుకుపోయాను. వెల్డింగు అన్న చూడగానే పక్కన పెట్టేశాడు. "జీఐ పైపు నాకు తేవద్దు పాపా. ఆ జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజరం పట్టుకుంటాది." అది నిజం. జింకు పూత మీద వెల్డింగు చేస్తే వచ్చే పొగతో జ్వరం వస్తుంది. గ్రైండరుతో పూత తీసేసి చేయొచ్చు గానీ, తీసిన చోట ఎట్లాగూ తుప్పు పడుతుంది. అందుకని పూత లేని నల్ల పైపుకు మారాం.

మొదటి పిడి ఇంచు పైపు, బి క్లాసుతో చేయించాను. (పైపు గోడ మందాన్ని బట్టి క్లాసులు, ఏ పల్చన, సి మందం.) ఎర్రనేలలో బొటనవేలు లావు మొక్కలకు బాగానే ఆగింది. కొంచెం లావు మొక్క దగ్గర తమ్ముడు ఊపు మీద లాగేసరికి పిన్ను పైన జానెడు దూరంలో మెల్లగా వంగిపోయింది. పైపు అంగడాయన సి క్లాసు తీసుకో, మందంగా ఉంటాది అన్నాడు. నేను పాత నోట్సు తీసి లెక్క కట్టాను. ఇది చెయ్యకుండా డబ్బు పెట్టొద్దని గట్టిగా చెప్తాను. ఇంచు పైపు బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, బి క్లాసు మందం 3.2. నలభై కిలోల లాగుడుకు పిన్ను దగ్గర చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్లు దాటుతుంది. మామూలు ఇనుము వంగడం మొదలయ్యేది సుమారుగా అక్కడే. సి క్లాసులో మందం 4 మిల్లీమీటర్లు. ఒత్తిడి 220కి దిగుతుంది, పిడి బరువు మాత్రం నాలుగు కిలోలు దాటుతుంది. అదే ఇంచుంపావు పైపు, ఏ క్లాసు తీసుకుంటే వ్యాసం 42.4, మందం సుమారు 2.6. ఒత్తిడి సుమారు 180, బరువు 3.6 కిలోలు. అంటే గోడ పల్చనైనా లావు పైపే గట్టిది, పైగా తేలిక. బోల్టు కోసం రంధ్రం పెడితే పల్చటి గోడ అక్కడే మడత పడుతుంది కాబట్టి, రంధ్రం లేకుండా రెండు పక్కలా ప్లేట్లు పెట్టి వెల్డు చేయించాను.

ఇక్కడ ఒక చిన్న విషయం. అంగట్లో ముక్క కోసి ఇవ్వరు, ఇచ్చినా ధర ఎక్కువ. ఆరు మీటర్ల నిలువు పైపు తీసుకోవాల్సిందే. కిలో 85 చొప్పున 1,300 పైన అయింది. అప్పుడు ప్రాణం ఉసూరుమంది గానీ దాంట్లో నాలుగు పిడులు వచ్చాయి.

నాయనకు ఇనుప పిడి మీద నమ్మకం లేదు. "గొడ్డలికి, పారకు యేపి కర్రను మించింది లేదు. ఇనుము ఎండకు కాలుతాది," అని ఎక్కడి నుంచో నిలువైన యేపి కర్ర (వేప కాదు, అడవి చెట్టు) తెచ్చి తనే చెక్కాడు. చేతికి ఆ పిడి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లావు చాలినంత ఉంటే బలానికీ లోటు లేదు. కానీ ఇనుప గొట్టంలో దాన్ని బిగించే బోల్టు దగ్గర, పోగు వెంబడి చీలింది. నాయన ఆ చీలిక మీద వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా పోయి కట్టుకంబి తెచ్చి చుట్టి ఇచ్చాడు. ఆ పిడి ఇప్పుడు మా గొడ్డలికి ఉంది.

అల్యూమినియం గురించి చాలామంది అడిగారు. బరువు ఇనుములో మూడో వంతే. కానీ బిగువు కూడా మూడో వంతే. అదే లావు పైపు అయితే మూడింతలు ఊగుతుంది, మన లాగుడు కొంత ఆ ఊగుడుకే పోతుంది. తలుపులకు, కిటికీలకు అమ్మే అల్యూమినియం మెత్తన. గట్టి రకం తెచ్చుకున్నా వెల్డు చేసిన చోట మళ్ళీ మెత్తబడుతుంది. మా మండలంలో అల్యూమినియం వెల్డింగు చేసే షెడ్డు నాకు దొరకలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు ధర విని వెనక్కి వచ్చేశాను.

దవడల దగ్గరే అసలు కష్టం మొదలైంది.

అందరూ చెప్పిన సలహా ఒకటే, లారీ కమాను పట్టీ. గట్టిది, అరగదు, కొడవళ్ళు కూడా దాంతోనే చేస్తారు. ఏప్రిల్‌లో ప్రొద్దుటూరు పోయి పాత ఇనుము అంగట్లో కిలో 60 చొప్పున రెండు పట్టీలు తెచ్చాను. తెచ్చి ఇచ్చినా వెంటనే పని కాలేదు. వెల్డింగు అన్న ఉగాదికి ముందు మొదలుపెట్టిన ఇంటి గేట్లు, గ్రిల్సు పని అప్పటికీ తెగలేదు, రెండు వారాలు మా పట్టీలు మూలన పడి ఉన్నాయి. పోయిన ప్రతిసారీ "రేపు చేస్తా పాపా" అనే మాటే.

చివరికి చేసిన రోజు అన్న నాకు ఒకటి నేర్పాడు. షెడ్డు తలుపు సగం మూసి, చీకట్లో గ్రైండరు పెట్టి ముందు మామూలు ఇనుప పట్టీని తాకించాడు. రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోయాయి. తర్వాత కమాను పట్టీని తాకించాడు. రవ్వలు పొట్టిగా, చివర్లో కొమ్మలు కొమ్మలుగా చీలి పేలాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అట్లా చీలుతుంది. పాత ఇనుము అంగట్లో కొనేవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేసుకోండి. రంగు చూసి, బరువు చూసి చెప్పలేం.

వెల్డింగు చూడటానికి చక్కగా వచ్చింది. చల్లారేటప్పుడు ఒకసారి టిక్ మని చిన్న శబ్దం వచ్చింది. ఇద్దరం విన్నాం, ఎక్కడా గీత కనబడలేదు. చేనుకు తీసుకుపోయాం. ఒక మొక్కకు పట్టి నేనే లాగుతున్నాను. టప్ మంది. వెల్డింగు పక్కన, గీత గీసినట్టు దవడ విరిగి, ఆ ముక్క నా చెవి పక్క నుంచి పోయి వెనక గట్టుకు తగిలింది. నేను వెల్లకిలా పడ్డాను. దెబ్బ తగల్లేదు. కానీ కాసేపు లేవలేకపోయాను. ఎదురుగా చిన్నమ్మ మనవడు నిలబడి చూస్తున్నాడు. ఆ ముక్క అటు పోయి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మ మరుసటి రోజు సామానంతా గోనెసంచిలో కట్టి పశువుల గాట్లో పెట్టేసింది. నేను కూడా వద్దనలేదు.

కారణం తెలుసుకున్నాను. కమాను ఉక్కులో కార్బన్ అర శాతం పైనే ఉంటుంది. వెల్డింగు వేడికి కాగి, గబుక్కున చల్లారితే ఆ పక్కనున్న ఉక్కు గాజు మాదిరి పెళుసవుతుంది. ముందు కాచి, వెల్డు చేసి, బూడిదలోనో సున్నంలోనో కప్పి నిదానంగా చల్లార్చాలి. మామూలు 6013 రకం వెల్డింగు రాడ్డు సరిపోదు, 7018 రాడ్డు కావాలి, అది కూడా పొడిగా కాచి వాడాలి. పక్క ఊరి కమ్మరి తాతను అడిగితే, కొలిమిలో ఎర్రగా కాచి రాత్రంతా బూడిదలో పూడ్చిపెడితే ఉక్కు మెత్తబడుతుందని చెప్పాడు. అట్లా మెత్తబరిస్తే విరగదు, కానీ దేని కోసం కమాను ఉక్కు తెచ్చామో ఆ గట్టిదనమే పోయింది కదా. మళ్ళీ కాచి ముంచి పానం పట్టి, సరైన వేడికి ఇంకోసారి కాచి పెళుసు దించాలి. తాత చేతికి అది తెలుసు. కానీ రేపు ఇంకో ఊర్లో ఇంకొకరు చేయించుకుంటే అక్కడ ఆ తాత ఉండడు.

షెడ్డుకు మళ్ళీ పోయింది మే మొదటి వారంలో. అన్న ముందుగా అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను. "మెత్త ఇనుము వంగుతాది పాపా. వంగి చెప్తాది. కమాను పట్టీ చెప్పదు." ఆ రోజు నుంచి నేను చూసే పద్ధతే మారింది. అప్పటిదాకా ఎంత బలం ఆగుతుంది అనే లెక్క పెట్టుకున్నాను. చేతిలో పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగే పనిముట్టుకు అది చాలదు. బలం దాటినప్పుడు అది ఏం చేస్తుందన్నది ముందు చూడాలి. ఇంచు పైపు మెల్లగా వంగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కమాను పట్టీ దానికంటే ఎంతో గట్టిది, చెప్పకుండా విరిగింది. పోత ఇనుముతో పాదం పోయించుకుందామన్న ఆలోచన కూడా అప్పుడే మానుకున్నాను, పోత ఇనుము కూడా వంగదు, పగులుతుంది. బలం మరీ ఎక్కువైతే ముందు పైపు వంగాలి, మిగతావన్నీ దానికంటే గట్టిగా ఉండాలి అని పెట్టుకున్నాను. పైపు వంగితే మనిషికి తెలుస్తుంది, ఆగుతాడు. పిన్నో బోల్టో తెగితే వెల్లకిలా పడతాడు.

దవడలకు 16 మిల్లీమీటర్ల మందం మామూలు ఇనుప పట్టీ తీసుకున్నాం. బరువు కొంచెం పెరిగింది, 6013 రాడ్డుతో ఏ పల్లెలోనైనా వెల్డు అవుతుంది. ఇప్పుడు జారుడు సమస్య. కంప మొక్క బెరడు పచ్చిగా ఉన్నప్పుడు నున్నగా ఊడి వస్తుంది. నున్నటి దవడ బెరడును మాత్రం ఒలుచుకుని పైకి జారిపోతుంది. దవడకు పదునైన పళ్ళు కోయించాం. అవి పచ్చి కాండంలోకి దిగి, లాగేసరికి మొక్కను కొరికేశాయి. పైభాగం చేతికొచ్చింది, ముడి నేలలోనే ఉంది. అంటే కొడవలితో నరికినట్టే, మళ్ళీ నాలుగు లేస్తాయి.

దీనికి విరుగుడు షెడ్డులో కాళ్ళ కిందే దొరికింది. శ్లాబులు వేసే 10 మిల్లీమీటర్ల కమ్మీ ముక్కలు. టీఎంటీ కమ్మీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాండాన్ని కొయ్యదు, మీద గాట్లు ఉంటాయి కాబట్టి జారదు, కార్బన్ తక్కువ కాబట్టి బాగా అతుకుతుంది. ఒక్కో దవడకు మూడు ముక్కలు అడ్డంగా వెల్డు చేశాడు. ఒక దవడలోని ముక్కలు, ఎదురు దవడలోని సందుల్లోకి వచ్చేటట్టు. కాండం వాటి మధ్య కొంచెం వంకర తిరిగి బిగుసుకుంటుంది. ఖర్చు ఏమీ లేదు, అరిగితే గ్రైండరుతో కోసి కొత్తవి పెట్టుకోవచ్చు. ఆ సాయంత్రం ఇంటి వెనక ఉన్న ఒక మొక్కకు బకెట్లతో నీళ్ళు పోసి నానబెట్టి లాగాను. బూడిద రంగు కాండం కింద, మట్టి లోపల ఎర్రగా, గుండ్రంగా, పిడికిలంత ముడి. దాని కింద బొంగరం మాదిరి సన్నబడిన వేరు. మొత్తం వచ్చేసింది. అమ్మను గట్టిగా కేకేసి పిలిచాను. ఆమె వచ్చి ఆ ముడిని చేతిలోకి తీసుకుని చూసి, గోనెసంచిలో కట్టిపెట్టిన మిగతా సామాను తనే తెచ్చి ఇచ్చింది.

పిన్నుకు ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కు కడ్డీ, 20 మిల్లీమీటర్లు. బలం లెక్కకు మామూలు ఇనుమైనా చాలు, కానీ ఇక్కడ అరుగుడు ముఖ్యం. పిన్ను గట్టిగా, దాని చుట్టూ ఉండే బుష్షు మెత్తగా ఉండాలి. అప్పుడు నలభై రూపాయల బుష్షు అరుగుతుంది, పిన్ను నిలుస్తుంది. కడ్డీ కడప నుంచి తెప్పించుకున్నాను. లేతు పని అరగంటది. దాని కోసం మాత్రం మే నెల సగం కాచుకున్నాను. వేసవిలో లేతు షెడ్లన్నీ బోరు మోటర్ల షాఫ్టులతో నిండి ఉంటాయి, నీళ్ళు లేక చీనీ చెట్లు ఎండుతున్న రైతు ముందు నా పిన్ను ఎవరికి కావాలి? నేనే వెనక్కి జరిగి కూర్చున్నాను. లేతు పని ఏదైనా ఉంటే ఫిబ్రవరి లోపే చేయించుకోవడం మంచిది. ఇంకొకటి, పిన్నుకు గ్రీజు పూయొద్దు. ఎర్రమన్ను అతుక్కుని గ్రీజే అరగదీస్తుంది. పని అయ్యాక గుడ్డతో తుడిచి ఒక చుక్క నూనె వేస్తే చాలు.

మే ఎండలో నాయన చెప్పిన మాట నిజమైంది. పదకొండు గంటలకు పైపు ముట్టుకోలేకపోయాం. ప్లాస్టిక్ గ్రిప్పు తొడిగితే చెమటకు గిరగిరా తిరిగింది. పాత సైకిలు ట్యూబు చీల్చి బిగించి చుట్టి, రెండు చివర్లా కట్టుకంబితో కట్టాం. ముప్పై రూపాయలు. ఇంతవరకు అది కదల్లేదు.

తర్వాత పనంతా వాన కోసం ఆగిపోయింది. ఎండిన నల్లరేగడిలో ఏ పనిముట్టూ పనిచెయ్యదు, మొక్క తెగుతుంది గానీ రాదు. జూన్ అంతా మబ్బులు చూస్తూ కూర్చున్నాం. జూలైలో నేల నానే వాన పడింది. ఎర్రనేలలో అరచేయి కంటే కొంచెం పెద్ద పాదంతో పని చక్కగా సాగింది. నల్లరేగడిలోకి పోయేసరికి మొక్క పైకి రావాల్సింది పోయి పాదం కిందికి దిగింది. అయిదు క్వింటాళ్ళ బలం ఆ కాస్త చోటు మీద పడితే తడి రేగడి ఎట్లా ఆపుతుంది? పాదం పెద్దది చేస్తే బరువు. 25 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల ప్లేటు 10 మిల్లీమీటర్ల మందంలో ఒక్కటే నాలుగు కిలోలు తూగుతుంది. ఎర్రనేలలో ఆ బరువు దండగ.

ఇనుప పాదాన్ని చిన్నగానే, 8 మిల్లీమీటర్ల ప్లేటుతో ఉంచి, నల్లరేగడి కోసం కింద వేసుకునే చెక్క పలక విడిగా చేయించాను. జనవరిలో జేసీబీ పీకిన పెద్ద కంప మొద్దు ఒకటి కళ్ళంలో పడి ఉంది. సామిల్లుకు తీసుకుపోతే ముందు ఒప్పుకోలేదు, లోపల మేకులుంటే రంపం పోతుందని. ఒప్పించాక అడుగు కంటే పొడుగు పలకలు రాలేదు, మొద్దంతా వంకరలే. మాకు అడుగే కావాలి. కంప చెక్క గట్టిది, బరువైనది, ఆరినాక పెద్దగా పగలదు. కాండం పట్టేందుకు ఒక పక్క గాటు పెట్టి, అడుగున సైకిలు టైరు ముక్క కొట్టాం. కోతకు 150 రూపాయలు.

అక్టోబరు వానలకు మా పొదుపు సంఘం అక్కలు పట్టి చూశారు. మొత్తం పనిముట్టు ఏడున్నర కిలోలు. మొదట పది కిలోలు దాటినప్పుడు గంటకే భుజాలు పట్టేశాయన్నారు, ఇప్పుడు పూట పని చెయ్యగలుగుతున్నారు. పొట్టిగా ఉన్న ఒకక్కకు 1.4 మీటర్ల పిడి నెత్తికంటే ఎత్తులో ఉండి మొదటి లాగుడు చేత కాలేదు. ఆమె కోసం 1.2 మీటర్లది కోశాం, బలం తగ్గినా ఆమెకు అదే సులువు. చేతులకు వెల్డింగు చేసేవాళ్ళ తోలు గ్లౌజులు కొనండి, జత 150. బట్ట గ్లౌజుల్లోంచి కంప ముల్లు దిగుతుంది. పక్క కొమ్మలు ముందు మచ్చుకొడవలితో నరికి, పంగలకట్టెతో పక్కకు తోసి, కాండానికి జానెడు మోడు వదిలితే దవడ నేలకు దగ్గరగా పడుతుంది. దవడ ఎంత కిందికి పడితే ముడి అంత ఖాయంగా వస్తుంది.

ప్రయోగాలకు, విరిగినవాటికి, పనికిరానివాటికి కలిపి నాకు పదకొండు వేల దాకా అయింది. ఇప్పుడు ఒకటి చేయిస్తే పైపు, పట్టీలు, పిన్ను, కోత, వెల్డింగు కూలి, రెడ్ ఆక్సైడ్ రంగు అన్నీ కలిపి 1,900 పడుతోంది. దాంట్లో ఆరు వందలు వెల్డింగు కూలి.

జూలైలో పీకిన చోట్లు మొన్న తిరిగి చూసుకున్నాను. ముడి వచ్చిన చోట మళ్ళీ లేవలేదు. వేరు కింద తెగినా ఏమీ కాలేదు. ముడి పైన కాండం తెగిన చోట్ల మాత్రం గుబురుగా లేచాయి, వాటిని గడ్డపారతో తవ్వుతున్నాం. మణికట్టు కంటే లావైన మొక్కకు ఇది చాలదు, బలవంతంగా లాగితే పైపు వంగుతుంది, అప్పుడు ఆపేసి జేసీబీకి వదిలెయ్యండి. కొత్తగా మొలిచిన గింజ మొక్కల్ని మాత్రం ఆ వానలోనే చేత్తో పీకెయ్యాలి, ఏడాది ఆగితే పనిముట్టు కావాల్సి వస్తుంది.

ఇప్పుడు నా దగ్గర ఒకటి, సంఘంలో రెండు ఉన్నాయి. కమ్మీ పళ్ళు ఎంతకాలానికి అరుగుతాయో చూడాలని మూడింటి పళ్ళకు మాత్రం రంగు వెయ్యకుండా కొలిచి ఉంచాను. వచ్చే ఎండాకాలం పనులు లేనప్పుడు ఒక జత దవడలకు కమ్మీ బదులు ఈఎన్8 చదరపు కడ్డీ, అంచులు గుండ్రంగా రాకించి, బోల్టుతో బిగించి చూస్తాను. వెల్డు చెయ్యను.